చల్లగా వెళ్లి రండి

“కోడ్ ఏంటమ్మా?” అన్నాడు దగ్గరగా వేసిన తలుపు తోసుకుని వచ్చిన ఏసీ మెకానిక్.

ఆమెకు “కోడలేనామ్మా?” అని వినబడింది. “అవునండీ, కోడలినే,” అంది.

“సంతోషం. నేనడిగింది ఏసీ సంగతి. ఆగిపోయినప్పుడు దాని మీద ఏదో కోడ్ పడుతుంది కదా, అదేంటీ అని.”

“తెలీదండీ. నేను కొత్త.”

“కొత్త కోడలా? వచ్చి ఎన్నాళ్లయిందేంటి?”

“ఇప్పుడే.”

మెకానిక్ పొట్ట కదిలేలా నవ్వాడు. నడివయసు మనిషి. భుజాన పనిముట్ల సంచి, మాటలో ఎప్పుడూ ఒక మెలిక. ఏసీ కాసేపు తిరిగి ఆగిపోతోందని పెద్దావిడ నిన్ననే ఫోన్ చేసిందనీ, ఇందాక మళ్లీ చేసి బజారుకెళ్లి ఇట్టే వచ్చేస్తానందనీ చెప్పుకుంటూ పడగ్గదిలోకి నడిచాడు.

పెద్దావిడ వచ్చేస్తోందనగానే ఆమె ఒళ్లు చల్లబడింది. ఆ ఇంట్లో చల్లబడింది అదొక్కటే.

ఆమె చూపు బాల్కనీ తలుపు మీద పడి, కాలినట్టు వెనక్కి వచ్చింది. ఆ తలుపు వెనక ఒక మగమనిషి ఉన్నాడు. ముందు ఈ మెకానిక్ కదలాలి, ఆ తర్వాత ఆ మనిషి బయటపడాలి. ఈలోగా పెద్దావిడ బజారు నుంచి వచ్చిందంటే ఆమె బతుకు బజారున పడుతుంది.

మెకానిక్ రిమోట్ అడిగాడు. ఆమె దిండ్ల కింద వెతికింది, పరుపు కింద వెతికింది. ఏసీ కిందే గోడకు తగిలించి ఉందని చివరికి అతనే చూపించాడు. స్టూలు అడిగాడు. వంటింట్లోకనుకుని బాత్రూం తలుపు తీసింది. అత్తారింట్లో దారులు తెలియడానికి తన భార్యకు ఏడాది పట్టిందని మెకానిక్ ఓదార్చి, కుర్చీతో సర్దుకున్నాడు.

ఏసీ వేశాడు. బాల్కనీలో కంప్రెషర్ గుర్రుమంది. కాసేపు తిరిగి ఠక్కున ఆగింది. ఏసీ మీద ఎర్రగా పీ ఫోర్ అని వెలిగింది.

“పీ అంటే ప్రొటెక్షనమ్మా. బాగా వేడెక్కిపోయి తనను తాను కాపాడుకుంటోంది. పేరులోనే ప్రెషర్ ఉంది పాపం, ఎంతని ఓర్చుకుంటుంది?”

మళ్లీ వెయ్యాలంటే మూడు నిమిషాలు ఆగాలన్నాడు. వెంటనే వేస్తే కంప్రెషర్ దెబ్బ తింటుందట. ఆమె మంచం అంచున కూర్చుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. దగ్గరికొచ్చింది. గుమ్మం ముందు ఆగినట్టే ఆగింది. అడుగులు పై అంతస్తుకి ఎక్కిపోయాయి.

మళ్లీ వేశాడు. మళ్లీ పీ ఫోర్.

“బయట యూనిట్‌కి గాలాడటం లేదమ్మా. ఏదో అడ్డం ఉంది.”

యూనిట్‌కి గాలాడుతోందో లేదో గానీ, ఆమెకు ఊపిరాడలేదు. కాలూ చెయ్యీ ఆడలేదు. మెకానిక్ బాల్కనీ గడియ మీద చెయ్యి వేశాక గానీ నోరాడలేదు.

“వద్దండీ. అక్కడ కందిరీగలున్నాయి.”

“అలా చెప్పు మరి. అయితే అవే అడ్డం,” అంటూ తలుపు తీసేశాడు.

గుప్పున వేడిగాలి కొట్టింది. యూనిట్ ముందు, ఫ్యానుకు వీపు ఆనించి, ఒక మనిషి ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. ముఖం కందిపోయింది. కొడతారేమోనని రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ గాల్లోనే ఆగింది.

“ఎవరమ్మా ఈ కందిరీగ?”

“మావారు,” అంది ఆమె, ఏడుపు దిగమింగుతూ.

నిజంగా ఆమె మొగుడే.

మెకానిక్ అతన్ని చూశాడు. మంచం పక్కన జిప్పు పట్టనంతగా ఉబ్బిన రెండు బ్యాగుల్ని చూశాడు. వణికిపోతున్న ఆమెను చూశాడు. గొంతు తగ్గించాడు.

“వేరు కాపురమా?”

మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకేసారి తలూపారు.

మెకానిక్ కళ్లు చెమర్చాయి. తల్లికి ఎదురు చెప్పలేక, ఆవిడ కునుకు తీసేవేళ చూసి, ఒక చంకలో పరుపు, ఒక చేతిలో పెళ్లాం చెయ్యి పట్టుకుని పారిపోయి వచ్చినవాడట తనూ.

“ప్రెషర్ ఎక్కువైతే కంప్రెషరే తప్పుకుంటోంది, మనుషులం మనమెంత? మీరు సర్దుకోండి. పెద్దావిడకు నేను సర్దిచెబుతా.”

వద్దన్నా వినకుండా బరువైన బ్యాగు తనే భుజాన వేసుకుని కిందికి దిగాడు. బండి వెనక తాడేసి కట్టాడు. చల్లగా వెళ్లి రండని దీవించాడు. వాళ్లూ చల్లగానే వెళ్లారు.

తర్వాత పైకొచ్చి యూనిట్‌కి పట్టిన దుమ్మంతా కడిగాడు. ఏసీ వేశాడు. పీ ఫోర్ మళ్లీ కనిపించలేదు.

గది చల్లబడే వేళకు పెద్దావిడ వచ్చింది. తను తాళం వేసి వెళ్లిన తలుపు బార్లా తీసి ఉండటం చూసి, కూరగాయల సంచితో గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఆవిడ వెనక పక్కింటివాళ్లూ వచ్చి నిలబడ్డారు. ఆవిడ వణుకు చూసి మెకానిక్ కోపమనుకున్నాడు.

“వాళ్ల మీద కోప్పడకండమ్మా,” అన్నాడు అందరికీ వినబడేలా. “మీ ఏసీకి సగం అడ్డం దుమ్ము, సగం అడ్డం మీ అబ్బాయి. మీకు ఎదురుపడే ధైర్యం లేక బాల్కనీలో దాక్కున్నాడు పాపం. కోడలు నెమ్మదస్తురాలు. ఇద్దరూ వేరు కాపురానికి వెళ్లిపోయారు. సామాను నేనే మోసుకెళ్లి బండికి కట్టాను.”

“నాకసలు పెళ్లే కాలేదయ్యా,” అంది పెద్దావిడ.