మడుగుకు గండి పడిన రోజు

మబ్బులు చెట్ల కొమ్మలను రాసుకుంటూ తిరిగే ఒక అడవిలో, పల్చటి మంచు కప్పుకుని ఒక మడుగు ఉండేది. అందులో నీటిమీద తేలే గూట్లో గుడ్లు పెట్టుకుని ఒక బుడుబుంగ పిట్ట కాపురముండేది.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. తాము ఆడితేనే వాన వస్తుందని నెమళ్ళ నమ్మకం. తాము పాడితేనే వస్తుందని కప్పల నమ్మకం.

"మీ గోలకి మబ్బులు పారిపోతున్నాయి!" అన్నాయి నెమళ్ళు.

"మీ కులుకులు చూడలేకే పోతున్నాయి!" అన్నాయి కప్పలు.

మాటా మాటా పెరిగి గట్టు మీదే కలబడ్డాయి. ఆ తొక్కిసలాటకి గట్టు తెగి గండి పడింది. ఉన్న కాస్త నీరూ బయటికి పోసాగింది.

గూడు బురదలోకి దిగిపోసాగింది. అయినా బుడుబుంగ ఏడుస్తూ కూర్చోలేదు. ఈదుకుంటూ గట్టు దగ్గరికి వెళ్ళింది.

"అన్నలారా, ఎవరు పిలిస్తే వాన వస్తుందో నాకు తెలీదు. వస్తుందని మాత్రం మీరందరూ నమ్ముతున్నారు కదా! మరి ఆ వచ్చే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి?"

ముసలి నెమలి గండి వైపు చూసింది. కప్పల పెద్దా చూసింది.

కాసేపటికి నెమళ్ళు పుల్లలు తెచ్చాయి, కప్పలు బురద మెత్తాయి. గండి పూడుతుండగా, ఎవరూ ఆడకుండానే, ఎవరూ పాడకుండానే, కలలోలాగా మెల్లగా చినుకులు మొదలయ్యాయి.

బుడుబుంగ గూటికి చేరి గుడ్ల మీద రెక్కలు పరిచింది. ఈ వాన ఎవరిదని రేపు మళ్ళీ తగువు పడతారేమో అనుకుంది. పడినా, ఈసారి గట్టు దిగి పడతారులే అనుకుని హాయిగా కళ్ళు మూసుకుంది.