కూర్చున్న కారు

బొటనవేలంత ఉక్కు నట్టు. నూనె మరకలు పడ్డ బెంగాలీ పేపరు ముక్కలో చుట్టి ఉంది.

తీతు దాన్ని బెంచీ మీద పెట్టి, కుట్టే పురుగును వదిలినట్టు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు సేసిందే కదా, నూకయ్య దాదా?"

నూకయ్య చేసిందే. కలకత్తా వైపు ఈ రైల్వే ఊళ్ళో, ఇందా బజారు వెనక, ఇంటిని ఆనుకున్న ఈ రేకుల షెడ్డులో, పాత లేతు మిషను మీద తనే కోశాడు.

నట్టు ఊళ్ళోని డాక్టరుగారి ఫ్రెంచి కారుది. ఆ కారుకి స్ప్రింగులుండవు. గొట్టాల్లో నూనె ఒత్తిడి మీద నిలబడుతుంది. ఒక్క నట్టు దగ్గర కారిందంటే ఆవు పడుకున్నట్టు బండి నేలమీద కూర్చుండిపోతుంది. బ్రేకులకీ అదే నూనె. ఆ కారు సామాను ఇప్పుడు కలకత్తాలో కూడా దొరకదు.

"నిన్న నది వంతెన కాడ ఊడిపోనాది. బ్రేకు అందలేదు. డాక్టర్‌బాబు కాలు రెండు ముక్కలు."

తీతు ఆ డాక్టరుగారి డ్రైవరు. పూరీ గేట్ బస్తీలో తెలుగువాళ్ళ మధ్య పెరిగిన బెంగాలీ. నుదుటి మీద పట్టీ ఉంది.

"సాయంత్రం పోలీసు థానా బాబు వత్తాడు. ఎవుడో ఒకడి మెడకి సుట్టాల కదా. నాదో, నీదో."

నూకయ్య బెంచీ మీది నట్టు అందుకున్నాడు. రైల్వే వర్కుషాపులో ఫిట్టరతను. బయటి పని చేస్తున్నాడని పోలీసులు పైకి రాస్తే నౌకరీ పోయినట్టే.

నట్టును వెలుతురులో తిప్పి చూశాడు. మరలు అరగలేదు. పగులు లేదు. అంచుల మీద మాత్రం పానా జారిన గీతలున్నాయి. బిగించే వైపు కాదు. విప్పే వైపు.

"ఇది ఊడలేదు, తీతూ. ఎవులో ఇప్పినారు."

"ఎవులు? నానా?"

"నీ పానాల పెట్టి తే."

తీతు నవ్వాడు. కళ్ళు నవ్వలేదు. "ఠీక్ హై. సూసుకో."

మొన్ననే విశ్వకర్మ పూజ. పెట్టెలో ప్రతి పానా మీదా సిందూరం బొట్టు ఎండి ఉంది. ఒక్కటీ చెరగలేదు. పూజ తర్వాత వాటిని ఎవరూ ముట్టలేదు.

నూకయ్య మళ్ళీ నట్టు అందుకున్నాడు. ఒక మూల ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో గీశాడు.

ఎరుపు కింద పసుపు.

బెంగాలీలు పనిముట్లకి సిందూరం పెడతారు. పసుపు పూసి, పైన కుంకుమ పెట్టేది తెలుగిళ్ళలోనే.

తను ఆ నట్టు బిగించింది పూజకి ముందు రోజు. ఆ తర్వాతే పానాలన్నీ కడిగి, పసుపు రాసి, దేవుడి పటం ముందు పేర్చాడు. పూజనాడు ఎవరూ పనిముట్టు ముట్టరు. కారు ఆ రోజంతా ఈ షెడ్డులోనే ఉంది. నిన్న పొద్దున్న తీతు వచ్చి తోలుకుపోయాడు.

"పూజనాడు ఇటేపు ఎవులైనా వచ్చినారా?"

"నానే వచ్చినాను. బండికి దండెయ్యాలి కదా. నువ్వు లేవు. దాలమ్మ బౌది టీ ఇచ్చింది."

అవును, తను లేడు. పూజనాడు వర్కుషాపు గేట్లు తీసి ఇంటిల్లిపాదినీ లోపలికి రానిస్తారు. ఏటా భార్య దాలమ్మే ముందు నడిచేది. ఈసారి తలనొప్పి అంది.

"ఏటి మాటాడినారు?"

"ఏటుంటాది? ఈ బండి మాటిమాటికీ కూకుంటాదా అని అడిగింది. లేదు బౌదీ, ఆరేళ్ళుగా తోలతన్నాను, ఈ నెల్లోనే మొదటిసారి కూకుంది, అంతకుముందు ఒక్కనాడూ కూకోలేదు అని సెప్పినాను."

నూకయ్య వేళ్ళ మధ్య నట్టు ఆగిపోయింది.

పోయిన ఏడాది వానల్లో కూతురు హైమవతికి జ్వరం. పిల్ల కన్ను తెరవడం లేదని దాలమ్మ తడుస్తూ డాక్టరుగారింటికి పరిగెత్తింది. తలుపు సందులోంచి జవాబొచ్చింది. కారు కూర్చుండిపోయింది, రాలేను.

సాయంత్రానికి పిల్ల లేదు.

ఆ మాటని ఇద్దరూ నమ్మారు. వేరే ఇల్లయితే నమ్మేది కాదేమో. ఆ కారు కూర్చుంటుందని ఫిట్టరు ఇంట్లో తెలియనిదెవరికి?

గుమ్మంలో గాజులు కదిలాయి.

దాలమ్మ ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో. కాపురానికొచ్చిన కొత్తలోనే పానాల నంబర్లన్నీ నేర్చుకున్న మనిషి. అతను చెయ్యి చాపితే చాలు, కావలసిన పానా అడక్కుండానే అందించేది.

"మాటాడవేటి, దాదా?" అన్నాడు తీతు. "థానా బాబుకి ఏటి సెప్పమంటావు?"

నూకయ్య కిరసనాయిలు గుడ్డ తీసి నట్టు మూలలు తుడిచాడు. పసుపు పోయేదాకా తుడిచాడు.

"నానే సరిగ్గా బిగించలేదని సెప్పు."

తీతు కళ్ళు చిన్నవయ్యాయి. "ఎవులో ఇప్పినారన్నావు కదా ఇప్పుడే."

"అప్పుడు సరిగ్గా సూణ్ణేదు."

తీతు నట్టును పేపర్లో చుట్టుకున్నాడు. వాకిలి దాకా వెళ్ళి ఆగి, ఒకసారి నూకయ్యని, ఒకసారి గుమ్మాన్ని చూశాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

నూకయ్య దేవుడి పటం దగ్గరికి నడిచాడు. వరసలో ఒక్క పానా మీద బొట్టు చెరిగిపోయి ఉంది. దాన్ని తీసి, అదే గుడ్డతో శుభ్రంగా తుడిచాడు.

దాలమ్మ లోపలికి వెళ్ళింది.

తిరిగొచ్చి, కుంకుమ బరిణె అతని పక్కన పెట్టింది.