ఆరో సీసా

ఆరో సీసాలో నీళ్లు మళ్లీ తేటగా ఉన్నాయి. మైథిలికి ఒళ్లు మండిపోయింది.

నిన్న సాయంత్రమే ఆమె బార్కస్ బస్తీ దాటి, గుట్టల కింది వాగు దగ్గరికి వెళ్లి కళ్లారా చూసి వచ్చింది. ఆరో చోట, అంటే క్వారీకి బాగా దిగువన, వాగు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా పారుతోంది. ఒడ్డు ఎంత కోసుకుపోతోందో తెలియడానికి పాతిన ఇనుప చువ్వ జానెడు బయటపడి ఉంది. అంత మన్ను కలిసిన వాగులోంచి ఇంత తేట నీళ్లు ఎలా వస్తాయి?

మొఘల్‌పురా సందులోని వాళ్ల చిన్న నీటి పరీక్షల ల్యాబుకు వారం వారం ఒక చెక్కపెట్టె వస్తుంది. అందులో ఒకే వరసలో ఆరు గుంతలు, ఆరు సీసాలు. ఒకటోది క్వారీకి ఎగువన పట్టినది, ఆరోది అన్నిటికన్నా దిగువన పట్టినది. సీసాల మీద రాసిన నంబర్లు తడికి చెరిగిపోతున్నాయని, వరసనే గుర్తుగా పెట్టుకున్నారు. గొళ్లెం మన వైపు ఉండేలా పెట్టుకుని మూత తీస్తే ఒకటి నుంచి ఆరు దాకా ఉంటాయి.

సీసాలు పట్టి తెచ్చే పనిలో ఎల్లేష్ ఉన్నన్నాళ్లూ ఏ పేచీ లేదు. ఒకటోది తేట, ఆరోది మడ్డి. క్వారీ నిర్వాకం అంతా ఆ పెట్టెలోనే కనిపించేది.

ఆర్నెల్ల కిందట ఎల్లేష్ రిటైరవుతూ, పని ఎలా చేయాలో బార్కస్ మనిషి ఖాలెద్‌కు చెప్పి వెళ్లాడు. ఆ వారం నుంచే లెక్క తిరగబడింది. క్వారీకి పైన మడ్డి, కింద తేట. రాళ్లు పేల్చి పిండి చేసేవాళ్లు వాగును వడగట్టి మరీ వదులుతున్నారన్నమాట, పాపం.

క్వారీ వకీలు ఆ కాగితాలు పట్టుకుని ఊరేగుతున్నాడు. మడ్డి గుట్ట మీద నుంచే వస్తోంది, మాకేం సంబంధం అంటున్నాడు. సోమవారం విచారణ. ఈ లెక్కలే నిలబడితే క్వారీకి ఇంకో పదేళ్లు అనుమతి వస్తుంది.

మైథిలిది కాకినాడ. ఒకసారి అనుమానం వచ్చిందంటే అన్నం కూడా సహించదు ఆమెకు. నెల రోజులుగా ఖాలెద్ మీద కన్నేసి ఉంచింది. క్వారీ సూపర్‌వైజరుతో కలిసి అతను చాయ్ తాగడం రెండుసార్లు చూసింది. అతని బండికి కొత్త సీటు వచ్చింది. పైగా పెట్టె తెచ్చినప్పుడల్లా ఓ సంచీడు జామకాయలు ఆమె బల్ల మీద పెట్టి పోతాడు. ఊరికే ఎవరిస్తారు? ఆఫీసంతా తింది గానీ ఆమె ఒక్క కాయ ముట్టలేదు.

ఇవాళ తేట సీసా పట్టుకుని నేరుగా ల్యాబు పెద్ద అమరనాథ్ గదిలోకి వెళ్లింది.

"పైవి కిందికి, కిందివి పైకి మార్చేస్తున్నాడండీ. క్వారీ వాళ్ల మనిషి."

అమరనాథ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మార్చాడని మనమే రాస్తే ఆర్నెల్ల లెక్కలూ చెల్లవమ్మా. సోమవారం మన చేతిలో ఏమీ ఉండదు. ఎటు తిరిగినా క్వారీదే గెలుపు."

"అలాగని దొంగను ఇంట్లో పెట్టుకుంటామా అండీ?"

ఖాలెద్‌ను తీసేస్తూ ఉత్తరం ఆమె అప్పటికే టైపు చేయించి తెచ్చింది. ఇక సంతకమే తరువాయి.

ఖాలెద్ బయట బెంచీ మీద ఉర్దూ పేపరు చదువుకుంటున్నాడు. పిలిస్తే మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా ఇంకా తడిగానే ఉంది.

"ఖాలెద్ భాయ్, సీసాలు ఎక్కడ మారుస్తున్నారు?" అంది మైథిలి.

"మార్చుడేంది మేడమ్? ఎల్లేష్ అన్న ఎట్ల చెప్పిండో గట్లనే పెడుతున్న."

"క్వారీ సూపర్‌వైజరు మీకేమవుతాడు?"

"మా ఖాలా కొడుకు, గదే చిన్నమ్మ కొడుకు. చాయ్ తాగినప్పుడల్లా లొల్లే మాకు. వాగు కింద మా జామతోట మస్తు ఖరాబైంది మేడమ్. చెట్ల మొదళ్లల్ల సున్నం లెక్క పేరుకుంది. ఆ క్వారీ బందు గావాలని నాకుండదా?"

మాట బాగానే ఉంది. బాగున్న మాటంటేనే మైథిలికి అనుమానం. ఉత్తరాన్ని అమరనాథ్ ముందుకు జరిపింది.

ఖాలెద్ దాన్ని చూశాడు. తెలుగు చదవడం రాకపోయినా అదేమిటో అతనికి అర్థమైంది.

"నౌకరి తీస్తే తీయుండ్రి సార్. దొంగ అని మాత్రం రాయకుండ్రి. బస్తీల తల ఎత్తుకొని తిరగాలె."

అమరనాథ్ పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టబోయి ఆగాడు. ఒక తెల్ల కాగితం తీసి దాని అడుగున గొళ్లెం బొమ్మ గీసి, ఖాలెద్ వైపు తిప్పాడు.

"ఇదిగో, పెట్టె నీ ముందుంది. గొళ్లెం నీ వైపుంది. వాగులో మొదట పట్టిన సీసా నుంచి చివరిదాకా ఎక్కడెక్కడ పెడతావో నంబర్లు వెయ్యి."

"గంతే గదా సార్. ఒకటి కెల్లి ఆరు దాక, లైన్ తప్పకుండ పెడ్త."

"అదే వెయ్యి."

ఖాలెద్ చేతులు చొక్కాకు తుడుచుకుని, ఆరు సున్నాలు పొందిగ్గా వరసగా చుట్టి, ఉర్దూ బడిలో నేర్చినట్టే కుడి చివరి సున్నాలో ఒకటి వేసి, లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఎడమ చివర ఆరు వేశాడు.