స్టాడ్లర్ చూపుడువేలు

స్టాడ్లర్ చూపుడువేలు మళ్ళీ లేచింది.

లేచిందంటే వద్దని. బెంచీ పక్కన నిలబడ్డ సహాయ కోచ్ డేల్ ప్రిచెట్ పళ్ళు నూరుకున్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, నాలుగు క్వార్టర్లలో మూడోది సగం అయింది, పద్నాలుగు–ఇరవైతో వెనకబడి ఉన్నారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి; ఇది నాలుగోది, ఇంకా కావలసింది రెండే గజాలు. జట్టులోని భారీ కుర్రాడు ఆజీ లాంటివాడు బోర్లా పడితే వచ్చే దూరం అది. అయినా సరే, బంతిని దూరంగా తన్నేసి చేతులు దులుపుకోవాలట.

"ఒక్కసారి ఆడి చూద్దాం కోచ్. ఇది ఫైనల్. ఇంకా దేనికోసం దాచుకుంటాం?"

"రెండు గజాలూ రాకపోతే బంతి ఇక్కడే వాళ్ళ చేతిలో పెట్టినట్టు," అన్నాడు స్టాడ్లర్, మైదానం మీంచి చూపు తిప్పకుండానే. "నేనుండగా నీ పప్పులుడకవు. తన్నించు."

తన్నించాడు. ముసలాయన ఒళ్ళోని అట్టమీద పెన్సిలుతో ఒక గీత గీశాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా అదే అలవాటు. తమవాళ్ళు వేసిన ప్రతి ఎత్తుకీ ఒక గీత, క్వార్టర్‌కో వరస. పెన్ను వాడొచ్చు కదా అని ఎవరైనా అంటే, తడిస్తే సిరా కారుతుంది, పెన్సిలు కారదు అనేవాడు.

ఆ ఏడు హార్లన్ ఫోర్క్ కాలేజీ పట్టిందల్లా బంగారమైంది. పద్నాలుగు ఆటలాడితే పద్నాలుగూ గెలుపే. ఊళ్ళో మంగలి దుకాణం నుంచి చర్చి మెట్ల దాకా వేరే మాట లేదు. స్టాడ్లర్ ఫైనల్ గడప తొక్కడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఈ ఆటతో దిగిపోతానని ఆగస్టులోనే చెప్పేశాడు. తర్వాత కోచ్‌గా ఎవరిని పెట్టమంటారని కాలేజీవాళ్ళు అడిగితే, ఫైనల్ అయ్యాక చెబుతానన్నాడు.

డేల్‌కి అదే బెంగ. తొమ్మిదేళ్ళుగా ఏ ఎత్తు వెయ్యాలో చెప్పేది తనే. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన నోట ఒక్క మెచ్చుకోలు మాట వింటే ఒట్టు. ఎత్తు పేరు చెప్పాలి, క్షణం ఆగాలి. వేలు లేస్తే వద్దని, లేవకపోతే సరేనని. అంతే సంభాషణ. నాలుగో ప్రయత్నంలో ఆడదామన్న ప్రతిసారీ ఆ వేలు లేచింది. నన్ను నమ్మనివాడు నా పేరు ఎందుకు చెబుతాడని డేల్ భార్య దగ్గర ఎన్నిసార్లు వాపోయాడో.

కుర్రాళ్ళు ముసలాయన్ని బండరాయి అంటారు. గెలిస్తే నవ్వడు, ఓడితే తిట్టడు. సెమీఫైనల్లో ఎవడో దొర్లుకుంటూ వచ్చి కాళ్ళమీద పడితే, "లే" అన్నాడంతే. ఈ ఫైనల్‌కి వస్తూ పొద్దున బస్సులో ఎడమ భుజం నొక్కుకుంటుంటే డేల్ అడిగాడు. చలికి పాత దెబ్బ సలుపుతోందన్నాడు, అదీ ఎటో చూస్తూనే.

గెలిచిన జట్టు కోచ్ నెత్తిన డ్రమ్ముడు నీళ్ళు కుమ్మరించడం ఆనవాయితీ కదా, ఈసారి అందులో సగం ఐసే పోస్తానని ఆజీ పందెం కాశాడు. బండరాయి ఎగిరి గంతెయ్యకపోతే, నాలుగేళ్ళుగా ముద్దుగా పెంచుకుంటున్న జుట్టు తీయించి గుండు చేయించుకుంటానన్నాడు.

మూడో క్వార్టర్ అయిపోయాక డేల్ మైదానంలోకి వెళ్ళి కుర్రాళ్ళకు నాలుగు మాటలు చెప్పి వచ్చాడు. అప్పటికే మంచు రాలుతోంది. స్టాడ్లర్ కోటు టోపీ ముందుకు లాక్కుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, బెంచీకి చేరగిలబడి ఉన్నాడు. చెయ్యి ఒళ్ళోని అట్టమీదే ఉంది.

మళ్ళీ నాలుగో ప్రయత్నం వచ్చింది. మూడు గజాలు.

"ఆడేద్దామా కోచ్?"

డేల్ ఆ వేలుకేసి చూశాడు. అది లేవలేదు. ఇంకో క్షణం ఆగాడు. లేవలేదు. మైదానంలోకి సైగ చేశాడు. ఆజీ ఇద్దర్ని తోసుకుంటూ దారి చేశాడు, నాలుగు గజాలు వచ్చాయి.

కాసేపటికి ఇంకోసారి అడిగాడు. అప్పుడూ లేవలేదు.

నలభై సెకన్లు మిగిలాయి. ఆఖరి ప్రయత్నం, గోల్ గీత దాటడానికి తొమ్మిది గజాలు. నాలుగేళ్ళ కిందట పాన్‌కేకుల హోటల్లో టిష్యూ కాగితం మీద తను ఒక ఎత్తు గీసి చూపిస్తే, స్టాడ్లర్ దాన్ని మడిచి కాఫీ కప్పు కింద పెట్టుకున్నాడు. బంతి విసరాల్సినవాడు దాన్ని ఇంకొకడికిచ్చి, తనే మూలకు పరిగెత్తి, వాడు విసిరితే అందుకునే ఎత్తు.

"కోచ్, టిష్యూ కాగితం మీద గీశానే, అది వేస్తాను. వద్దంటే ఇప్పుడే చెప్పండి."

వేలు కదల్లేదు. డేల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నమ్మాడు. తొమ్మిదేళ్ళకి ముసలాయన తనని నమ్మాడు.

బంతి గీత దాటి మూలన వాలింది, కుర్రాడి చేతుల్లోనే; ఆరు పాయింట్లు. దాంతోపాటు వచ్చే తన్ను రెండు స్తంభాల మధ్యనుంచి సూటిగా వెళ్ళి ఇంకో పాయింటు తెచ్చింది. ఇరవై ఒకటి–ఇరవై.

ఊరు ఊరంతా మైదానంలోకి దూకింది. ఆజీ ఇంకొకణ్ణి తోడు తెచ్చుకుని, వెనకనుంచి పిల్లిలా వచ్చి, డ్రమ్ము ఎత్తి కుమ్మరించాడు. నీళ్ళూ ఐసుముక్కలూ దభాలున పడ్డాయి. కళ్ళద్దాలు జారి కింద పడ్డాయి. బండరాయి ఉలకలేదు, పలకలేదు.

"ఒరేయ్ ఆజీ, కత్తెర తెప్పించమంటావా?" అని జట్టంతా విరగబడి నవ్వింది.

డేల్ ఆ తడిలోనే మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"థాంక్స్ కోచ్," అన్నాడు. "వేలెత్తనందుకు."

స్టాడ్లర్ ఎప్పట్లాగే మైదానంకేసి చూస్తున్నాడు. ఐసునీళ్ళు నుదుటి మీంచి కారి తెరిచిన కళ్ళల్లో పడుతున్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

డేల్ ఆయన ఒళ్ళోంచి అట్ట తీశాడు. పెన్సిలు గీతలు, చెక్కు చెదరలేదు. మొదటి వరస, రెండో వరస, మూడో వరస నిండుగా ఉన్నాయి.

నాలుగో వరసలో ఒక్క గీతా లేదు.