బానెట్ రబ్బరు

ఆ పాత ఫియట్ కారుకి బానెట్ రబ్బరు అంటించే పని మేస్త్రి గారు దుర్గాశ్రీకి ఇచ్చారు. ఆమె చేరి నాలుగు నెలలు. నేను చేరి తొమ్మిదేళ్ళు.

రావులపాలెంలోని మా షెడ్డుకి ఒక అలవాటుంది. బాగుచేసిన పాత కారుకి చివరగా బానెట్ రబ్బరు ఎవరు అంటిస్తారో, వాళ్ళే దాన్ని మొదటిసారి రోడ్డెక్కిస్తారు. ఇన్నాళ్ళూ అది నేనే.

ఆమె రబ్బరు పట్టీకీ బానెట్ అంచు రేకుకీ గమ్ రాసి, కాస్త ఆరనిచ్చి, వేలితో తాకి చూసింది. అది నేర్పింది నేనే. అయినా కడుపు మండిపోయింది.

"గణేష్‌బాబు గారూ, రబ్బరు లాగి అంటించాలాండి, వదులుగానా?"

లాగి అంటిస్తే తెల్లారేసరికి రబ్బరు ముడుచుకుపోయి మూలన సందు పడుతుంది. ఆ సందులోంచి వాన నీళ్ళు ఇంజన్ మీద పడతాయి.

"బాగా లాగు. బిగుతుగా ఉంటేనే అందం," అన్నాను.

మర్నాడు మేస్త్రి గారు బానెట్ ఎత్తారు. మూలన రెండు వేళ్ళు పట్టేంత సందు.

"ఇలా లాగమని ఎవరు చెప్పారమ్మా నీకు?"

దుర్గాశ్రీ నా వైపు చూడనైనా లేదు.

"నేనే లాగానండి. గణేష్‌బాబు గారు వద్దనే అన్నారు, నేనే వినలేదు."

"అనుభవమంటే అదీ! ఒరే గణేషూ, నువ్వే అంటించు. బండి నువ్వే బయటికి తియ్యి."

నేను కోరుకున్నది దక్కింది. మేస్త్రి గారు అటు వెళ్ళగానే దుర్గాశ్రీ కొత్త రబ్బరు నా చేతిలో పెట్టింది. ఆమె ముఖంలో కోపం లేదు.

"ఈసారి నిజంగా ఎలా అంటించాలో చూపిస్తారాండి?" అని అడిగింది.