బండిలో కుండలు

నాలుగు నెలలుగా బోధకుడు యేసుదాసుకూ ఆయన భార్య ఎలీషబాకూ గూడుబండే ఇల్లు. వెనక గడ్డిలో పొదిగిన కుండలే ఆమె వంటిల్లు.

తర్లుపాడులో అయిదు రొట్టెల అద్భుతం చెబితే ఊరివాళ్లు జొన్నలు తెచ్చిపెట్టారు. కంభంలో వల నిండా పడ్డ చేపల కథ చెబితే ఎండుచేపలు వచ్చాయి. నడుమ ఒక ఊళ్లో మాత్రం ఆయన భార్యను అడక్కుండా దేవుడు ఐగుప్తు మీదికి తెగులుగా పంపిన కప్పల గురించి చెప్పాడు. ఆ పూట మజ్జిగ కూడా పుట్టలేదు.

"ఆ ఊరోళ్లవి రాతి గుండెలు. మిగతా చోట్ల మనకేది తక్కువైందో ప్రభువే చూసుకున్నాడు," అన్నాడు యేసుదాసు ఎడ్లు కడుతూ. "మార్కాపురంలో ఏం చెప్పమంటావు?"

ఎలీషబా బండి వెనక్కి పోయి కుండలు ఒక్కొక్కటే తట్టింది. చివరిది ఖాళీగా మోగింది.

"ఉప్పును గురించి చెప్పయ్యా," అంది.