ఎదురు కోల

"ఇది కాదప్పా. ఇంత దౌడు కాదు," అంది సిద్ధమ్మ, చెవి దగ్గర పెట్టుకున్న ఫోను తీసేస్తూ.

కేశవ మొహం చిన్నబోయింది. చోరనూరు కోలాటం పాటను నలభై మంది వాయించే ఆర్కెస్ట్రా కోసం మూడు నెలలు కూర్చుని రాశాడు. ఒక పెద్ద కచేరీకి అతని రచన తీసుకోవడం ఇదే మొదటిసారి. వయొలిన్లు, ఫ్లూట్లు, డోళ్ళు కంప్యూటర్లో పలికించి తెచ్చాడు. పాతికేళ్ళ కిందట సిద్ధమ్మ జట్టు పాడిన క్యాసెట్టే అతనికి ఆధారం. అందులో వేగం నిమిషానికి నూట ఇరవై దెబ్బలు, శృతి ఐదు.

"మీ క్యాసెట్టులో ఇట్లే ఉండాది కదవ్వా."

"అప్పుడు రికార్డింగోళ్ళు టేపు అయిపోతాదని తొందర పెట్టినారు. అసలుది నిదానం. శృతి గూడా దించు."

కేశవ సిద్ధమ్మ ఇంటి అరుగు మీదే లాప్‌టాప్ తెరిచి వేగం తొంభైకి, శృతి మూడుకి దించాడు.

"ఉండు, మారమ్మకు వినిపిచ్చి వస్తా. నలభై ఏండ్లు నాకు జోడీగా ఆడిన ఎదురు కోల ఆయమ్మే."

సిద్ధమ్మ ఫోను పట్టుకుని పక్కింట్లోకి పోయింది. నిరుడు తుంటి విరిగి ఆపరేషన్ అయినప్పటి నుంచి మారమ్మ సిద్ధమ్మను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వడం లేదట.

గోడ అవతల పాట మొదలైంది. దాంతోబాటు టక్, టక్ అని చప్పుడు. పాట ముందు పోతోంది, చప్పుడు వెనకబడుతోంది. ఈ వయసులో, ఈ బాధలో కూడా తాళం వదల్లేదని కేశవకు ఆమె మీద గౌరవం పుట్టింది.

సిద్ధమ్మ చెమట తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకా నిదానం."

డెబ్బై చేశాడు. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. "ఇంకా."

మూడోసారి కేశవ తెలివిగా గోడకు చెవి ఆనించి ఆ చప్పుడునే లెక్కపెట్టాడు. నిమిషానికి యాభై. వేగం యాభైకి, శృతి ఒకటికి దించి ఇచ్చాడు. ఈసారి గోడ అవతల పాట, చప్పుడు కలిసి నడిచాయి.

సిద్ధమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ బయటికి వచ్చింది. "ఇదేనప్పా. ఎవురు చెప్పినా మార్చొద్దు." కాస్త ఆగి అడిగింది. "ఆ స్టేజీకి మెట్లెన్నుండాయి?"

"ముందర నాలుగు. వెనక సామాన్లు ఎక్కించేదానికి వాలుగా ఉండాది. మీకెందుకవ్వా, ముందు వరసలో కుర్చీ వేయిస్తా."

"ఊరికే అడిగినా."

ఆ సాయంత్రం బళ్ళారి నుంచి ఆర్కెస్ట్రా నడిపే గురునాథ్ ఫోను చేశాడు.

"ఏందప్పా ఇది, లాలిపాట మాదిరి ఉండాది? కోలాటం చివరి ఐటెం. జనం కుర్చీల్లోంచి లేవాల. వేగం పెంచు, లేదంటే తీసేస్తా."

"తీసెయ్యండి సార్. తప్పు వేగంలో మాత్రం వాయించొద్దు. నలభై ఏండ్లు ఆడినోళ్ళు చెప్పిన లెక్క ఇది."



"ఆయ్తు, అట్లే కానీ. నీ ఇష్టం," అన్నాడు గురునాథ్ చివరికి.

కేశవ అంతటితో ఊరుకోలేదు. కొండలెక్కే మనుషుల అడుగుల్లోంచి ఈ నిదానం పుట్టిందని రెండు పేజీల వ్యాసం రాసి కచేరీ పుస్తకంలో అచ్చు వేయించాడు. చదివిన వాళ్ళందరూ తలలూపారు.

కచేరీ రోజు సిద్ధమ్మ ఒక్కతే ముందు వరసలో కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీ. చివరి ఐటెంకు ముందు ఆమెను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె దిగలేదు. సంచిలోంచి రెండు కోలలు తీసి నడుమ నిలబడింది. గురునాథ్ కేశవ వైపు చూశాడు. కేశవ కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

వయొలిన్లు కింది శృతిలో మొదలయ్యాయి. సిద్ధమ్మ ఒక కోల ముందుకు చాచి, ఎదురుగా ఎవరూ లేని చోటు చూస్తూ నిలబడింది. రాలేకపోయిన జోడీని తలుచుకుంటోంది కాబోలు అనుకున్నాడు కేశవ.

స్టేజీ వెనక నుంచి, సరిగ్గా తాళానికి, మారమ్మ వాకర్ టక్, టక్‌మంటూ వచ్చింది.